అడిగితేనే మూత తీసేవాడు

సూరత్‌లో మా గల్లీ మొగదల కరెంటు స్తంభానికి అతని ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కింద మూడు బిరుదులు: అన్నదాత, దీనబంధు, నిష్కామ సేవకుడు. ఒకసారి తెలుగులో, ఒకసారి గుజరాతీలో. రెండింట్లోనూ అక్షరాల తప్పులే. పొద్దున పాల ప్యాకెట్ కోసం పోయినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. దుఃఖంతో కాదు, ఒళ్ళు మండి.

చచ్చిపోయినవాణ్ణి మంచివాణ్ణి చేయడం మనవాళ్ళకు అలవాటే. కానీ ఇంత అబద్ధమా? అన్నదాత అంటే అడక్కుండా పెట్టేవాడు. ఇతను అడిగించుకునేవాడు. అదీ మామూలుగా కాదు. మగ్గం నడుపుకునే సిరిసిల్ల మనిషి గానీ, గంజాం మనిషి గానీ, గోరఖ్‌పూర్ మనిషి గానీ, పళ్ళెం పట్టుకొని అతని ముందు నిలబడి స్పానిష్ భాషలో అడగాలి. అడిగితేనే మూత తీసేవాడు. లాక్‌డౌన్‌లో, ఊరంతా ఆకలితో ఉన్నప్పుడు, ఈ పని చేశాడు.

ఈ ఫ్లెక్సీ కట్టినవాళ్ళే అప్పుడు అతన్ని లీమా పిచ్చోడు అన్నారు. నేనూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మనిషి పోతే పిచ్చి కూడా పోయినట్టా?

అతని గురించి చెప్పాలంటే ముందు ఎడమచెయ్యి గురించి చెప్పాలి. వేడి వేడి గిన్నె మూత మీద అరచెయ్యి పరిచి నొక్కిపట్టేవాడు. ఆ వేడికి చెయ్యి కాలదా అని కొత్తవాళ్ళకు అనుమానం. కాలేది. పళ్ళు బిగబట్టేవాడు గానీ తీసేవాడు కాదు. కుడిచేతిలో గరిటె నిటారుగా ఉండేది. రంగేసిన మీసం, ముందుకొచ్చిన పొట్ట, ఒక చెవి నీ వైపు వంచిన తల. కోర్టులో జడ్జి సాక్షి మాట వింటున్నట్టు ఉండేవాడు.

అసలు అతను మగ్గాల ఫిట్టరు. వయసులో ఉన్నప్పుడు పెరూ దేశంలో లీమా అనే ఊళ్ళో ఒక బట్టల మిల్లుకు యంత్రాలు బిగించడానికి ఇక్కణ్ణుంచి ముగ్గుర్ని పంపితే, వాళ్ళలో ఒకడు. ఆ ఊరు పటంలో ఎక్కడుందో విమానం ఎక్కేదాకా అతనికి తెలీదు. నాకు తెలుసు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. ఖటోదరా మిల్లులో నూలుకు గంజి పట్టే పని చేసుకుంటూ, పొట్లాల కాగితాలు చదివీ, పాత అట్లాసు ఒకటి కొనుక్కొనీ, సూరత్ దాటకుండానే దేశాలన్నీ తిరిగాను. దేశం తిరిగొచ్చినవాడికి దాని రాజధాని ఏ తీరాన ఉందో నేను చెప్పాల్సి రావడం నా ఖర్మ.

అక్కడ మిల్లు క్వార్టర్లో రెండే మంచాలున్నాయట. మూడోవాడు ఇతను. మిల్లు వెనక గల్లీలో ఒక ముసలి విధవరాలి ఇంట్లో గది చూపించారు. మూడో మంచం ఉంటే అతని బతుకు వేరేగా ఉండేది, నా ప్రాణం హాయిగా ఉండేది.

ఆ ముసలమ్మకు ఒక నియమం. వంటకాన్ని పేరు పెట్టి అడగనిదే వడ్డించదు. ఈ కథ అతని నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

"మొదటి రోజు అన్నం దిక్కు ఏలు జూపిచ్చిన అన్నా. మూత మీద చెయ్యి పెట్టి నా మొకం చూసింది. మళ్ళ ఏలు జూపిచ్చిన. గరిటెతోని ఏలు మీద ఒక్కటేసింది. 'అర్రోస్' అన్నది. నేన్ గూడ 'అర్రోస్' అన్న. మూత తీసింది. ఆ తర్వాత కూర గిన్నె మీద చెయ్యి పెట్టింది. నాకు మండింది. ఉత్త అన్నం తిని లేచిన."

మర్నాడు గుడ్డు పేరు నేర్చుకున్నాడు. అక్కడితో పౌరుషం అడ్డొచ్చింది. ఇంకో మాట అడగడం నామోషీ. వారాలకు వారాలు అన్నం గుడ్డు, అన్నం గుడ్డు. ఆమె ప్రతి సోమవారం పప్పు వండేదట, ఆ దేశంలో అదొక ఆనవాయితీ. మన పప్పు వాసనే. ఒక సోమవారం ఆ వాసనకు పౌరుషం చిత్తయింది. "లెంతేహాస్, పోర్ ఫవోర్" అన్నాడు. పప్పు, దయచేసి.

"ఏడ్చుకుంట తిన్న. ఆమె నవ్వుకుంట ఏసింది."

ఆపైన నోరు ఆగలేదు. మిగతా ఇద్దరూ క్వార్టర్లో కుక్కర్ పెట్టుకొని, తెలుగులోనే తిని, తెలుగులోనే పడుకొని, గడువు తీరాక ఆ దేశపు మాట ఒక్కటి కూడా అంటకుండా తిరిగొచ్చారు. ఇతనికి మాత్రం ముసలమ్మ భాష మొత్తం వచ్చింది. ముసలమ్మ భాషే వచ్చింది, అదే గొడవ. ఆమె పాలవాణ్ణీ, పోలీసునూ, చర్చి సామినీ అందర్నీ "ఇహీతో" అని పిలిచేది. అంటే బిడ్డా అని. మన దగ్గర ముసలోళ్ళు దారిన పోయేవాళ్ళందర్నీ బిడ్డా అనరూ? ఇతను అది మర్యాద అనుకున్నాడు. మిల్లు మేనేజర్ దగ్గరికి పోయి, "ఇహీతో, నూనె డబ్బా అయిపోయింది, చలికి చెవులు కప్పుకో" అని చెప్పొచ్చాడు. మిల్లంతా పని ఆపి నవ్విందట. మరి మానుకున్నావా అని అడిగాను.

"ఎందుకు మానుకుంట? ఆ దినం నుంచి మేనేజరు నిజంగనే చెవులు కప్పుకుండు."

అతనూ ఆమెకు ఒకటి నేర్పాడు. అక్కడి టమాటలతో తొక్కు నూరి, సీసాలో పెట్టి, మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ముసలమ్మ వేలు చూపించింది. ఇతను గరిటె ఎత్తాడు. ఆమె నోరు తిప్పుకొని తిప్పుకొని 'తొక్కు' అన్నది. అప్పుడే మూత తీశాడట.

తల్లి మంచాన పడిందని తిరిగొచ్చేశాడు. మళ్ళీ పోలేదు. పెళ్ళీ చేసుకోలేదు. కళ్ళు మసకబారి ఫిట్టరు పని మానేశాక మా గల్లీలో మెస్సు పెట్టాడు. వంట గల్లీలోని లచ్చమ్మక్కది, వడ్డన అతనిది. ఆదివారం సాయంత్రం మెస్సు ముందు బెంచీ మీద కూర్చొని ఫోను పెద్ద గొంతుతో పెట్టేవాడు. అక్కడ వాళ్ళకు పొద్దున. ముసలమ్మ మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "యా కోమీస్తే?" తిన్నావా అని. ఇతను బడిపిల్లాడిలా ఏం తిన్నాడో చెప్పేవాడు. ఒక్కటి చెప్తే ఊరుకునేది కాదు. "ఇ కే మాస్?" ఇంకా ఏం? ఇంకోటి చెప్పాలి. మళ్ళీ "ఇ కే మాస్?" పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వదిలేది కాదు. బెంచీకి అవతలి కొసన కూర్చొని పేపరు చదివే నాకు కూడా ఆ రెండు మాటలూ చెవిలో మేకుల్లా దిగిపోయాయి.

ఒకసారి ఇద్దరం డుమస్ బీచికి పోయాం. టమాటా భజియా తింటూ సముద్రం వైపు తిరిగి స్పానిష్‌లో పెద్దగా ఏదో అరిచాడు.

"ఏందిరా?"

"ఆమెకు చెప్తున్న. ఈ నీళ్ళు అటెళ్ళి లీమాకే పోతయి కద."

"నీ మొకం. ఇది అరేబియా సముద్రం. తిన్నగ పోతే అరబ్బు దేశం తగుల్తది."

"అరబ్బోళ్ళు జర పక్కకు జరుగుతరు తీ అన్నా."

ఇలాంటివాడితో భూగోళం మాట్లాడగలమా?

అంతలో కరోనా వచ్చింది. మా పేట లింబాయత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పట్నుంచీ ఆ చప్పుడులో బతికినవాళ్ళం, నిశ్శబ్దానికి తల పోటెత్తింది. నడిచి పోగలిగినవాళ్ళు ఊళ్ళకు పోయారు. పోలేనివాళ్ళు గదుల్లో మిగిలారు. అదే రోజుల్లో ముసలమ్మ ఫోను ఎత్తడం మానేసింది. ఒక ఆదివారం మోగీ మోగీ ఆగింది. ఇంకో ఆదివారం మోగనే లేదు, ఎవరో ఆడమనిషి మెషీన్ గొంతుతో ఏదో చెప్పింది. అక్కడ మనకంటే ఘోరంగా ఉందని పేపర్లో వస్తోంది. ఇతను ఆ మెషీన్ ఆడమనిషితోనే స్పానిష్‌లో చాలాసేపు మాట్లాడాడు. బతిమాలాడు, తిట్టాడు, చివరికి బిడ్డా అని కూడా పిలిచాడు. ఆమె చెప్పిందే చెప్పింది.

సరిగ్గా ఆ వారం నుంచే వ్యాపారులెవరో ఇచ్చిన బియ్యం, పప్పుతో మెస్సు ముందు అందరికీ అన్నం పెట్టడం మొదలైంది. సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో మనుషులు నిలబడ్డారు. మూతులకు చీరల కార్ఖానాలో మిగిలిన పూల పూల గుడ్డలు. మొదటి పళ్ళెం ముందుకొచ్చింది. ఇతను మూత మీద చెయ్యి పెట్టి, "అర్రోస్ అను" అన్నాడు.

నేను లేచాను. "ఏందయ్యా గిది? ఆకలిగున్నోళ్ళతోని గమ్మత్తులా?"

"గమ్మత్తు కాదన్నా. ఒక్క మాట. గంతే."

"తెలుగుల అడిగితే పెట్టవా?"

"పెట్టాలనే ఉంటది. ఇనవడదు."

లోపల్నుంచి లచ్చమ్మక్క గరిటె విసిరినంత పని చేసింది. "ఇనవడకపోతే చెవుల వేడి గంజి పోస్త! మూత తియ్యి, సల్లారుతున్నది!"

అతను నన్ను పక్కకు లాగాడు. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆదివారం ఆదివారం ఆమెతోని మాట్లాడితే నిలబడ్డది అన్నా. ఇప్పుడు నోట్లెకెళ్ళి జారిపోతున్నది. మొన్న చెంచాను ఏమంటరో యాదికి రాలే. చెంచా చేతులనే ఉన్నది. పొద్దంత దాన్నే చూసిన. రాలే. ఆమె ఉన్నదో పోయిందో తెల్వదు. ఆమె ఇచ్చిన మాట గూడ పోతే, ఇగ నేను లీమాల బతికినట్టా, బతకనట్టా?"

"అయితే గోడతోని మాట్లాడుకో."

"గోడ జవాబు చెప్పదన్నా. ఆకలిగున్నోడు చెప్తడు."

ఇంత సిగ్గులేని మాట నా జన్మలో వినలేదు. ఏ భాషలోనూ నీ దగ్గర అడుక్కోనని చెప్పి, వచ్చి నా కిచిడీ నేను వండుకున్నాను. ఇంటి గడప మీద కూర్చొని రోజూ ఆ తమాషా చూశాను. గంజాం మనిషి "అర్రోసొ" అని ఒడియా చేసి అడిగేవాడు. గోరఖ్‌పూర్ మనిషి "తనీ లెంతేహాస్ దీహీం భయ్యా" అని భోజ్‌పురి చేసి అడిగేవాడు. ఇతను ప్రతివాడి మాటా దిద్ది, మళ్ళీ చెప్పించి, అప్పుడు పెట్టేవాడు. ఒకరోజు కర్ర ఊపుకుంటూ కానిస్టేబుల్ వచ్చాడు. "శూ చాలే ఛే?" అన్నాడు. ఏం జరుగుతోందని. విషయం విని నవ్వి, కర్ర చంకలో పెట్టుకొని తానూ "అర్రోస్" అన్నాడు. చివర దయచేసి అనలేదని ఇతను వెనక్కి పంపాడు. యూనిఫాం మనిషి మళ్ళీ లైన్లోకి పోయి నిలబడ్డాడు. ఆ ఒక్కరోజు మాత్రం నాకు కొంచెం బాగా అనిపించింది.

ఎండలు ముదిరేసరికి లైన్లో ఒకడు పప్పు నోట్లో వేసుకొని, ఉప్పు లేదని స్పానిష్‌లో విసుక్కున్నాడు. ఇతను గరిటె పడేసి చప్పట్లు కొట్టాడు. "వంకలు పెడుతుండ్రు! అన్నా, ఇన్నవా? వంకలు పెడుతుండ్రు!" లచ్చమ్మక్క మొహం ఎలా పెట్టిందో ఇక చెప్పక్కర్లేదు.

నేను ఊరుకుంటానా? చౌక్ బజారు పక్కన పాత పుస్తకాలమ్మేవాడి దగ్గర ఎప్పుడో కొన్న స్పానిష్ పుస్తకం ఒకటి నా పెట్టెలో ఉంది. ఇంగ్లీషు తెలిసిన ప్రయాణికుల కోసం రాసింది. ఇంగ్లీషు నాకు నేనే నేర్చుకున్నది, ఇదొక లెక్కా? హోటల్లో ఒక పాఠం, రైల్వే స్టేషన్లో ఒక పాఠం, టెలిఫోన్లో ఒక పాఠం బట్టీ కొట్టి, గడప మీంచే అతనికి వినిపించాను. నువ్వు నేర్చింది వంటింటి భాష, నేను నేర్చింది అసలు భాష అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"గా పుస్తకంల మనిషికి ఆకలి కాదా అన్నా? గది అడుగుతడు, రైలు అడుగుతడు, సామాను మొయ్యమంటడు. అడుగుడే గని ఎదుటోడు ఏమన్నడో ఒక్కపారి గూడ ఇనడు. జర నీ లెక్కనే ఉన్నడు."

వారం రోజులు అతనికి వీపు పెట్టి కూర్చున్నాను నేను.

కరోనా రెండో విడతలో నాకు తగిలింది. గొంతు పూర్తిగా పోయింది, నాలిక మీద రుచి పోయింది. తలుపు దగ్గరకు వేసుకొని పడుకున్నాను. మధ్యాహ్నం గడప అవతల టిఫిన్ డబ్బా పెట్టిన చప్పుడైంది. సందులోంచి చూశాను. అతను ఎదురుగోడ దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. నా తరఫున గొంతు సన్నం చేసి, "అర్రోస్, పోర్ ఫవోర్" అన్నాడు. వెంటనే తన గొంతుతో, "తీసుకో ఇహీతో" అన్నాడు. మళ్ళీ నా గొంతు, మళ్ళీ తన గొంతు. పప్పుకూ అంతే, చారుకూ అంతే. అందులో నేను చాలా మర్యాదస్థుణ్ణి, ప్రతిదానికీ దయచేసి అంటున్నాను. మంచాన ఉన్నవాడికి గొంతు లేదని చూసుకొని, ఒక మనిషి పౌరుషాన్ని ఇలా నడివీధిలో పెట్టొచ్చా? తిట్టడానికి నోరు తెరిస్తే గాలి వచ్చింది. లేచేదాకా రోజూ అదే నాటకం. తిన్నాను. తినక చస్తానా.

కరోనా రెండుసార్లు మా గల్లీని ఊడ్చుకుపోయింది గానీ అతన్ని ముట్టలేదు. ముడితే దానికీ లీమా కథ చెప్పేవాడని భయపడి ఉంటుంది. అంతా సద్దుమణిగి, మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం వడ్డన అయిపోయి కుర్చీలో కునుకు తీస్తూ పోయాడు. లచ్చమ్మక్క లేపబోతే తల పక్కకు ఒరిగింది. ఒక చెవి ఎవరి మాటో వింటున్నట్టే ఉంది.

ఇప్పుడు మెస్సు లచ్చమ్మక్క నడుపుతోంది. మూత తీసే ఉంచుతుంది, ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. అయినా పళ్ళెం చాపగానే అందరి నోటా "అర్రోస్" అనే వస్తుంది. "మీ నోర్లు పాడుగాను, మీకు గూడ అంటిచ్చి పోయిండు" అని ఆమె కళ్ళు తుడుచుకొని పెడుతుంది. నేనూ అక్కడే తింటున్నాను. నేను మాత్రం ఏమీ అనను. పళ్ళెం చాపుతాను, అంతే.

ఫ్లెక్సీ కట్టిన తర్వాత వచ్చిన ఆదివారం సాయంత్రం తిని, చెయ్యి కడుక్కొని బెంచీ మీద కూర్చున్నాను. లోపల మెస్సు ఫోను మోగింది. అతని ఫోనే, ఆర్డర్లు దానికే వస్తాయని అక్క ఉంచుకుంది. ఆమె దాన్ని కాలుతున్న బొగ్గులా పట్టుకొని బయటికొచ్చింది.

"ఏ దేశమో కాకా. ఏందో మాట్లాడుతున్నది. బుక్కులు చదివినోడివి నువ్వే సూడు."

చెవి దగ్గర పెట్టుకున్నాను. ముసలి గొంతు. అతని పేరును తనదైన వంకరలో పిలిచింది.

ఆమె బతికే ఉంది. పాత ఫోను పోయిందనీ, కరోనాకు భయపడి ఆమె కొడుకు ఆమెను కొండల్లో చుట్టాల ఇంటికి తీసుకుపోయి దాచాడనీ, ఇతని నంబరు మళ్ళీ దొరకడానికి ఇన్నాళ్ళు పట్టిందనీ నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావమ్మా అని తెలుగులో అరవాలనిపించింది. లైన్లో పళ్ళేలతో ఉన్నవాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు.

ఏం చెప్పాలి? నా పుస్తకంలో చావు పాఠం లేదు. ప్రయాణికులు చావరనుకున్నారో ఏమో రాసినవాళ్ళు. టెలిఫోన్ పాఠం గుర్తొచ్చింది.

"ఎల్ సెన్యోర్ నో ఎస్తా," అన్నాను. అయ్యగారు లేరు.

"క్వాందో వెల్వే?" అంది ఆమె. ఎప్పుడొస్తాడు?

పుస్తకంలో కూడా అదే ప్రశ్న, అదే వరసలో. దాని కింద జవాబు కూడా ఉంది, అయిదింటికి వస్తారని. బట్టీ కొట్టిన నోరు కదా, నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడ పట్టి ఆపాను. గల్లీలో మగ్గాల చప్పుడు మాత్రం ఫోనులోకి పోతూ ఉంది. ఆమె ఆ చప్పుడు విన్నది. తర్వాత అవతల ఊపిరి ఒక్కసారి గట్టిగా లోపలికి పీల్చిన శబ్దం వచ్చింది. ముక్కు చీదిన శబ్దం వచ్చింది. పెట్టేస్తుందనుకున్నాను.

"ఇ తూ?" అంది. మరి నువ్వు? "యా కోమీస్తే?"

"సీ, సెన్యోరా." తిన్నానమ్మా.

"కే కోమీస్తే?" ఏం తిన్నావు?

లచ్చమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. లైను లైనంతా ఫోను చుట్టూ చేరింది. ఆ గిన్నె ముందు నేను ఎన్నడూ అనని మాట.

"అర్రోస్."

"ఇ కే మాస్?"

"లెంతేహాస్."

"ఇ కే మాస్?"

నా దగ్గర మాటలు అయిపోయాయి. పుస్తకం కూడా అయిపోయింది. వెనక నుంచి గంజాం మనిషి మెల్లగా గొణిగాడు, "తొక్కు అను కాకా, తొక్కు."

"తొక్కు," అన్నాను.

"తొక్కు," అంది ముసలమ్మ, ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా.